తిన్న తర్వాత అరగంట

ఆ కాగితం మీద ఆరు వాక్యాలు ఉన్నాయి. నేను ఐదే చదివి వినిపించాను.

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పదమూడో ఏట నుంచి డైరీ రాస్తున్నాను; అందులో కూడా రాయలేదు. ఎవరైనా తీసి చదువుతారని కాదు. మా ఇంట్లో నా డైరీ ముట్టుకునే తీరిక ఎవరికీ లేదు. రాస్తే ఎప్పుడో ఒకప్పుడు నేనే చదువుకోవలసి వస్తుందని. ఏడేళ్ళయింది. మోయగా మోయగా బరువు అలవాటైపోతుందనుకున్నాను. నెలల తరబడి నిజంగానే అలవాటైనట్టు ఉంటుంది. ఒకనాడు ఎవరింట్లోనో ఒకావిడ అన్నం తిని, కొంగు పరుచుకుని గోడవారగా ఒరుగుతుంది. నేను మాట్లాడుతున్న మాట మధ్యలో ఆగిపోతుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. ఎదురుగా కూర్చుని అడిగితే చెప్పగలిగేదాన్ని కాదు. బజారులో తెలిసినవాళ్ళు కనిపిస్తే పక్క సందులోకి తిరిగిపోయే మనిషిని నేను. అందుకే ఇలా.

మాది అల్లూరు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో అమ్మ, అన్న, వదిన, నేను. అన్న అయిదో తరగతితో చదువు ఆపి వడ్లమిల్లులో ఇంజను చూసేవాడు. అమ్మ మా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. నన్ను మాత్రం నెల్లూరులో బోర్డింగు స్కూల్లో ఉంచి ఎస్.ఎస్.ఎల్.సి. దాకా చదివించారు. పాసై ఇంటికొచ్చాను. టీచరు ట్రైనింగుకు పంపాలా, పెళ్ళి చేయాలా అన్నది అప్పటికింకా తేలలేదు. తేలేదాకా నా పని కుట్టుమిషను తొక్కడం, మధ్యాహ్నం పూట లైబ్రరీ పుస్తకం చదువుకోవడం. ఆ మధ్యాహ్నాన్ని గురించే చెప్పాలి మీకు. ఒంటిగంటన్నర నుంచి మూడున్నర దాకా. ఇంట్లో ఎవరూ నన్ను పిలవని రెండు గంటలు. నాకంటూ ఉన్న ఆస్తి అంతే.

వదిన పేరు సలోమి. బోగోలు దగ్గర పల్లె ఆమెది. ఒళ్ళున్న మనిషి, నవ్వితే భుజాలు కూడా నవ్వేవి. తినడం ఇష్టం, వండడం అంతకంటే ఇష్టం. మామిడికాయ వేసి చేపల పులుసు పొద్దున పెడితే రాత్రి దాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. పెళ్ళయి వచ్చిన రెండేళ్ళకు ఆమెకు కడుపులో మంట మొదలైంది. సోడా ఉప్పు నీళ్ళలో కలుపుకుని తాగేది. కాసేపు తగ్గేది. అలా ఏడాది గడిచాక ఒకరోజు నల్లగా వాంతి అయింది. అన్న ఆమెను మద్రాసు తీసుకుపోయాడు. అక్కడ పెద్దాసుపత్రిలో కడుపులో పుండని చెప్పి, ఆపరేషను చేసి, కడుపు సగానికి పైగా తీసేశారు.

ఆమె మద్రాసులో ఉన్న నెల పైచిలుకూ ఇంటి పనంతా నా మీద పడింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఆఖరున తిన్నవాళ్ళే ఎంగిళ్ళు ఎత్తి, గిన్నెలు తోమి, పొయ్యి అలికి అప్పుడు కూర్చోవాలి. ఎంగిలి గిన్నెలు అలా పెట్టి నడుం వాల్చడం అమ్మ దృష్టిలో పెద్ద తప్పు. కోడలు ఆఖరున తింటుంది కాబట్టి ఆ పని ఎప్పుడూ వదినది. ఆ నెల నాది. బూడిదతో నా వేళ్ళ చివరలు పగిలాయి. లైబ్రరీ పుస్తకం సగంలో ఆగిపోయింది. వదిన ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టాను. ఆమె కోసం కాదు.

వచ్చింది. బస్సు దిగి ఇంట్లోకి నడిచి వస్తుంటే నేను పోల్చుకోలేకపోయాను. జాకెట్టు భుజాల మీద నుంచి జారుతోంది. చూడటానికొచ్చిన ఎదురింటి మార్తమ్మత్త నోరు ఊరుకుంటుందా?

"ఏం సలోమీ, మద్రాసోళ్ళు సగం ఉంచుకుని సగం పంపించినారా ఏంది? పడవలాగా పోయినావు, తెడ్డులాగా వచ్చినావే!"

"తెడ్డయితే మంచిదే గదత్తా," అంది వదిన. "అడ్డమొచ్చినోళ్ళని ఒకటి తగిలించొచ్చు."

అందరూ నవ్వారు. అన్న మాత్రం జేబులో నుంచి మడతపెట్టిన కాగితం తీసి నాకిచ్చాడు. "నర్సమ్మ అరవంలో గబగబా చెప్పింది పాపా, నాకు సగం తెలిసిందీ లేదు. తినే పద్ధతంతా ఇందులో ఉండాదంట. చదువు."

ఇంగ్లీషులో టైపు కొట్టిన కాగితం. ఆ ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అందరూ నా చుట్టూ కూర్చున్నారు. అలా నలుగురూ నా మాట కోసం ఎదురుచూడటం నా బతుకులో అదే మొదటిసారి. ఒక్కో వాక్యం లోపల చదువుకుని తెలుగులో చెప్పాను. రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా తినాలి. అన్నంతోబాటు నీళ్ళు తాగకూడదు, గంట ఆగి తాగాలి. చక్కెర, బెల్లం, తీపి పదార్థాలు ముట్టకూడదు. కారం, పులుపు మూడు నెలలు వద్దు.

ఐదోది: తిన్న ప్రతిసారీ అరగంట సేపు పడుకోవాలి.

ఆ వాక్యం మీద నా చూపు ఎంతసేపు ఆగిందో నాకిప్పుడు తెలియదు. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలిసేటంత సేపు కాదు. ఆ కాస్సేపట్లో నేను చూసింది మా వదిన పడుకుని ఉండటం కాదు. బావి దగ్గర రాతిపలక, దాని మీద గిన్నెల కుప్ప, దాని ముందు నేను. రోజూ. ఇంక ఎన్ని నెలలో.

కాగితం మడత సరిచేసుకున్నట్టు కదిపి కింది వాక్యానికి పోయాను. "ఆర్నెల్లకు ఒకసారి వచ్చి చూపించుకోమన్నారు."

"అంతేనా?" అంది అమ్మ.

"అంతే."

అంత సులువుగా అయిపోయింది. అబద్ధం చెప్పానని కూడా అప్పుడు అనిపించలేదు. చదివిన వాక్యాలన్నీ నిజమే కదా? ఒకటి చెప్పకపోతే ఏమవుతుంది? మా చుట్టుపక్కల ఇళ్ళల్లో ఏ ఆడది తిని పడుకుంటోంది గనక? ఇలా రకరకాలుగా చెప్పుకున్నాను. మనసు తనకు కావలసిన మాటలు ఎంత చప్పున వెతికి తెచ్చుకుంటుందో అప్పుడే చూశాను. చూసి కూడా ఊరుకున్నాను.

అమ్మ గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే మీరు ఆమెను తప్పుగా అనుకుంటారు. అమ్మ చెడ్డ మనిషి కాదు. "ఆరుసార్లా? పసిబిడ్డా ఏంది!" అని ఒకసారి విస్తుపోయిందే గాని, మర్నాటి నుంచి నేను చదివినవన్నీ తు.చ. తప్పకుండా చేసింది. వదినకు వేరే చిన్న గిన్నెలో మెత్తగా అన్నం వండించేది. పొద్దున పదింటికి, మధ్యాహ్నం మూడింటికి తానే గుర్తుపెట్టుకుని పిలిచేది. చుట్టాలు మిఠాయి పొట్లం తెస్తే వదిన చేతికి పోనివ్వకుండా తీసి దాచేది. ఆ ఐదో వాక్యం కూడా చదివి ఉంటే అదీ చేసేది. గొణుక్కుంటూనే మంచం వాల్చేది. ఈ సంగతి తెలిసినందువల్లే నాకు తప్పును పంచుకునేవాళ్ళు ఎవరూ లేరు.

తిని పది నిమిషాలు కాకముందే వదినకు మొదలయ్యేది. ముఖం పాలిపోయేది. పైపెదవి మీద చెమట పట్టేది. గుండె దడ, చేతుల్లో వణుకు, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. ఒక్కోసారి చేతిలో ఉన్న గిన్నె అక్కడే పడేసి పెరటి చివరికి పరుగెత్తేది. ముప్పావుగంట గడిస్తే ఏమీ జరగనట్టు లేచి తిరిగేది. కడుపు చిన్నదైపోయిన మనిషికి తిన్నది ఆగకుండా ఒక్కసారిగా పేగుల్లోకి జారిపోతుందట. పడుకుంటే నెమ్మదిగా దిగుతుందట. ఇది చాలా రోజుల తర్వాత ఒక నర్సును, ఎవరి సంగతో అడిగినట్టు అడిగి తెలుసుకున్నాను. అప్పుడు మాకెవరికీ తెలియదు. మాకు కనిపించింది ఒక్కటే. తినేవరకూ బాగుంటుంది, సరిగ్గా గిన్నెలు తోమే వేళకు ఒళ్ళు బాగుండదు.

మొదట అన్నది మార్తమ్మత్త. "తినేదాకా బాగుంటాది, గిన్నెల్ని చూస్తే కళ్ళు తిరగతాయి మీ కోడలికి." అమ్మ ఆ రోజు ఆమెను కసురుకుంది. రెండు వారాల తర్వాత అదే మాట అమ్మ నోట వచ్చింది, పొయ్యి వైపు తిరిగి, ఎవరితోనో అన్నట్టు. వదిన విన్నది. గిన్నెలు ఎత్తుకుని బావి దగ్గరికి పోయింది.

నేను ఎక్కడున్నాను? ముందు గదిలో. చేతిలో పుస్తకం ఉంది. ఆ మధ్యాహ్నాలు నేను చాలా పుస్తకాలు చదివాను. ఏం చదివానో ఒక్కటీ గుర్తులేదు. బావి దగ్గర గిన్నెల చప్పుడు ఆగినప్పుడల్లా తల ఎత్తేదాన్ని, అది మాత్రం గుర్తుంది. మళ్ళీ చప్పుడు మొదలైతే పేజీ తిప్పేదాన్ని.

వదిన తనంతట తాను ఒక ఉపాయం కనిపెట్టింది. తినకపోతే ఏమీ కాదు. చెమటా పట్టదు, దడా రాదు, పని ఆగదు, ఎవరూ మాట అనరు. ఆరుసార్లు మూడుసార్లయింది, మూడు రెండయింది. అడిగితే తిన్నానని చెప్పేది. మధ్యాహ్నం కంచంలో నాలుగు ముద్దలు కలుపుకుని, రెండు తిని, రెండు కాకులకు వేసేది. చూసింది నేనొక్కదాన్నే. నెలకొకసారి ఆమె జాకెట్లు నా మిషను దగ్గరికి వచ్చేవి. రెండు పక్కలా లోపలికి కుట్లు వేసేదాన్ని. మూడో నెలకు బట్ట లోపల మడతలు ఎక్కువై, కుట్టు విప్పి కత్తిరించవలసి వచ్చింది. చర్చిలో ఒక అమ్మాయి ఆశగా అడిగింది కూడా, "ఏం తిని ఇంత నాజూగ్గా అయినావక్కా?" అని. "ఏం తినక," అంది వదిన. ఆ అమ్మాయి నవ్వింది. వదిన కూడా నవ్వింది, కాని భుజాలు కదల్లేదు.

అలా జాకెట్లు తెచ్చిన ఒకరోజే ఆమె నన్నడిగింది. అమ్మ స్త్రీల సమాజానికి పోయింది. అన్న మిల్లులో ఉన్నాడు. వదిన మిషను పక్కన నేల మీద కూర్చుని, నేను దారం ఎక్కించేదాకా ఊరుకుంది.

"పాపా, ఒకటి అడగతాను, ఎవరితోనూ అనబాక. ఆ కాగితంలో ఇంకేమన్నా ఉండాదా?"

"ఏం ఉంటుంది వదినా?"

"తిన్నాక ఇట్ట అయితే ఏం చెయ్యాలని. వాళ్ళు పెద్ద డాక్టర్లు గదా, ఇట్ట అవతాదని వాళ్ళకి తెలిసే ఉంటాది. ఏదో ఒకటి రాసే ఉంటారనిపిస్తా ఉండాది నాకు."

కాగితం నా డైరీలో ఉంది. డైరీ మిషను సొరుగులో ఉంది. సొరుగు నా మోకాలికి తగులుతోంది.

"ఏమీ లేదు వదినా. ఆ రోజు చదివిందే."

"ఇంకోసారి చూస్తావా?"

"చూశాను. అంతే ఉంది."

ఆమె తల ఊపింది. నన్ను అనుమానించినట్టు ఒక్క గీత కూడా ఆ ముఖం మీద లేదు. "అయితే నా ఒళ్ళే ఇంతేమో," అంది. "అందరికీ బాగైన ఆపరేషను నాకు సరిపడలేదు." లేచి, జాకెట్లు నా దగ్గర పెట్టి వెళ్ళిపోయింది.

మొదటిసారి చదవకుండా వదిలేసింది సోమరితనం. దాన్ని ఇంకో పేరుతో పిలవను. రెండోసారి చెప్పినదానికి ఏం పేరు పెట్టాలో ఏడేళ్ళుగా ఆలోచిస్తున్నాను. చెప్పడానికి ఒక నిమిషం చాలు. సొరుగు లాగి, "అయ్యో వదినా, ఇది చూసుకోలేదు" అంటే సరిపోయేది. నమ్మేది. అన్న నమ్మేవాడు. అమ్మ రెండు తిట్టి ఊరుకునేది. మరి ఎందుకు చెప్పలేదు? ఇంగ్లీషు వచ్చిన పిల్ల అని ఇంట్లో నాకున్న ఒకే ఒక్క గౌరవం పోతుందని భయపడ్డానా? ట్రైనింగుకు పంపడం మానేస్తారని భయపడ్డానా? ఇవన్నీ ఉన్నాయి. వీటి అడుగున ఇంకొకటి కూడా ఉందేమోనని నా అనుమానం. ఆమె ఎప్పుడూ అందరి చేతా నవ్వుతూ పిలిపించుకునేది. నన్నెవరూ అలా పిలిచేవాళ్ళు కాదు. ఆమె నోరు మెదపకుండా గిన్నెలు తోముతుంటే నాకు ఒక మూల నెమ్మదిగా ఉండేదా? ఉండేదని చెప్పడానికి ధైర్యం చాలదు. లేదని చెప్పడానికీ చాలదు.

ఐదో నెలలో ఒక ఆదివారం. చర్చి నుంచి చుట్టాలు వచ్చారు. వాళ్ళు చూస్తున్నారని వదిన ఆ పూట సరిగ్గా తింది. తిని, కంచాలన్నీ ఎత్తుకుని బావి దగ్గరికి పోయింది. చప్పుడు ఆగింది. నేను తల ఎత్తాను. మళ్ళీ మొదలవుతుందని చూశాను. మొదలవలేదు.

రాతిపలక మీద పడి ఉంది. ఇత్తడి బిందె అంచు తగిలి కనుబొమ పైన చీలింది. అమ్మ పరుగెత్తుకొచ్చి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, "నిజమే గదే, నిజంగానే బాగలేదు గదే అమ్మే," అంటూ ఏడ్చింది. ఆ రోజు నా డైరీలో ఒకే ఒక ముక్క ఉంది: "వదిన పడిపోయింది." కింద పేజీ అంతా ఖాళీ.

కబురు అందుకుని వదిన వాళ్ళ నాన్న వచ్చాడు. వాకిట్లో నిలబడి, కూతుర్ని ఒకసారి చూసి, అమ్మతో అన్నాడు: "మా బిడ్డని కొన్నాళ్ళు మా కాడ ఉంచుకుంటామమ్మా." గొడవేమీ పడలేదు. ఆ మర్యాద అమ్మకు చాలాకాలం గుచ్చుకుంది.

అక్కడ ఆమె కోలుకుంది. ఎలాగో తెలుసా? వాళ్ళమ్మకు చదువు లేదు. ఏ కాగితమూ ఆమె చూడలేదు. కూతురు అన్నం తిని చెమటలు పట్టి కూర్చుంటే, రెక్క పట్టుకుని మంచం మీద పడుకోబెట్టి విసనకర్రతో విసిరింది. మర్నాడూ అంతే. వారంలో దడ తగ్గింది, నెలలో ముఖం తేటపడింది. అన్న వెళ్ళి చూసొచ్చి ఈ మాట చెప్పాడు. అమ్మ అంది, "మనకు ఆ మాత్రం తోచలేదే." మనకు అంది. నేను పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను.

వదిన తిరిగి రాలేదు. అన్నే అక్కడ ఒక మిల్లులో పని చూసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ, నేను మిగిలాం. ఆపరేషనయిన ఆర్నెల్లకు వదినను వాళ్ళ నాన్న మద్రాసు తీసుకుపోయి చూపించాడని విన్నాను. అక్కడ నర్సు అడిగి ఉంటుంది కదా, తిన్నాక పడుకుంటున్నావా అని? కాగితం మీద రాసిచ్చాం కదా అని ఉంటుంది కదా? అంటే వదినకు తెలిసి ఉంటుందా? తెలిస్తే అన్నకు చెప్పలేదు. అన్న ముఖంలో ఎప్పుడూ తేడా రాలేదు. ఎవరూ ఆమెను అడిగి ఉండకపోవచ్చు కూడా. ఈ రెంటిలో ఏది జరిగిందో నాకిక తెలిసే దారి లేదు. కిందటేడు వానాకాలంలో ఆమె పోయింది. జ్వరం అయిదు రోజులు. ఒంట్లో నెత్తురు లేదు, తట్టుకోలేకపోయిందన్నారు. అలాంటి ఆపరేషను చేసినవాళ్ళకు నెత్తురు తక్కువ కావడం మామూలేనని నేనడిగిన నర్సు చెప్పింది. మామూలే కావచ్చు. కాని మా ఇంట్లో ఆమె తినకుండా గడిపిన అయిదు నెలలు ఆ లెక్కలో ఎక్కడైనా ఉన్నాయా? నర్సును అది అడగలేదు.

నాకు ట్రైనింగు దొరికింది. ఇప్పుడు ఒక పల్లె బడిలో చిన్న పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. చదివి వినిపించేటప్పుడు పుస్తకంలో ఏ వాక్యమూ వదలను. అది మంచి బుద్ధి కాదు, భయం.

ఆమెను ఆఖరుసారి చూసింది పోయే ముందటి ఎండాకాలంలో. చెప్పేయాలనే వెళ్ళాను. బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. చిక్కిపోయిందే గాని కళ్ళలో తేటదనం ఉంది. కనుబొమ మీద మచ్చ తెల్లగా కనిపిస్తోంది. నన్ను చూసి సంతోషించింది, నటన కాదు. ఎంత వద్దన్నా వినకుండా చేపలు తెప్పించి వండింది. తాను చిన్న గిన్నెలో నాలుగు ముద్దలు ముందే తినేసి, నాకు పెద్ద కంచంలో వడ్డించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. "వదినా" అన్నాను కూడా. ఆమె మంచం వాల్చుకుంటూ నా వైపు తిరిగింది. ఏదో తప్పు చేస్తున్నదానిలా, కొంచెం సిగ్గుపడుతూ అంది:

"నువ్వు తింటా ఉండు పాపా. నేను అరగంట నడుం వాలుస్తాను. ఏమీ అనుకోబాక."